వ్రాయని వ్రాతల ఋణము

చేయరాని పని చేసి బాధపడుట వేరు. చేయవలసిన పని చేయక బాధపడుట వేరు. మొదటివానికి తన తప్పు ఎదుట కానవచ్చుచుండును. ఎవరికి కీడు చేసెనో వారి యింటికి పోయి చేతులు జోడింపవచ్చును, నష్టమును పూరింపవచ్చును, కాదేని శిక్షకు తలయొగ్గవచ్చును. రెండవవాని యెదుట అట్టిదేమియు నుండదు. పని జరుగలేదు గనుక దాని ఆనవాలును లేదు. అందును ఆ పని వ్రాత అయినచో మిగిలియుండునది తెల్లకాగితము మాత్రమే. తెల్లకాగితమునకు క్షమాపణ చెప్పుకొనుట ఎట్లు?

ఈ బాధ కవిపండితులకే పరిమితమని తలంపరాదు. వచనములకు తెలుగున తాత్పర్యము వ్రాయుదునని పూని పది పుటలతో నిలిపినవాడు, తమ మఠచరిత్రను కూర్చి యిత్తునని స్వాములవారి సన్నిధిని మాట యిచ్చి ఏండ్లు గడపినవాడు, తాతగారు చెప్పిన కథలను నోటుబుక్కులో ఎక్కింపవలెనని అనుకొనుచునే ఆయనను సాగనంపిన మనుమరాలు, తల్లికి నెలకొక జాబైనను వ్రాయలేకపోయిన కుమారుడు, వీరందరి హృదయములలోను ఒకే ములుకు నాటుకొనియుండును. వ్రాయవలసినంత వ్రాయలేదు. పగలు పనుల సందడిలో అది తెలియదు. రాత్రి దీపము ఆర్పిన పిదప నొప్పించును.

ఈ నొప్పి న్యాయమైనదేనా యనునది ప్రశ్న. లోకము దీనికి రెండు సులభమైన సమాధానములు చెప్పుచున్నది. ఇది సోమరితనము, లేచి వ్రాయుమని కొందరందురు. వ్రాత తనంతట తాను రావలెను, రానినాడు ఈశ్వరేచ్ఛ యని మరికొందరందురు. మొదటివారు ప్రతి అపరాధభావమును నిజమని నమ్ముదురు. రెండవవారు దేనిని నిజమని నమ్మరు. రోగి నాడి చూడకయే ఒక వైద్యుడు చేదుమందును, వేరొక వైద్యుడు తేనెను ఇచ్చినట్లున్నది.

శరణులు వ్రాతను గూర్చి ప్రత్యేకశాస్త్ర మేదియు చెప్పియుండలేదు. కాని నిలిచిపోయిన పనిని గూర్చియు, మితిమీరిన పనిని గూర్చియు వారి నడుమ జరిగినట్లు చెప్పబడుచున్న వృత్తాంత మొకటి కలదు. కన్నడమున శూన్యసంపాదనె అను గ్రంథమును చదివినవారికి, పెద్దల నోట శరణకథలను విన్నవారికి అది తెలిసినదే. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వరమునుండి 12వ శతాబ్దమున కల్యాణమునకు వచ్చినవారు. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలను వండి జంగమములకు అర్పించుట ఆ దంపతుల దాసోహము. 'ఆయ్దక్కి' అనగా ఏరిన బియ్యమనియే అర్థము.

ఒకనాడు మారయ్య అల్లమప్రభువుతోడి గోష్ఠిలో మునిగిపోయెను. గోష్ఠిలోని విషయమా, కాయకమే! కాయకమునకు మించినది లేదని ప్రసంగించుచు ఆయన కాయకవేళను మరచెను. (వ్యాసములు వ్రాయువారు ఈ ఘట్టమును కొంచెము నిదానముగా చదువదగును.) లక్కమ్మ వచ్చి పని నిలిచినదని జ్ఞాపకము చేసి, వెంటనే పొమ్మని తొందరపెట్టెను. మారయ్య పోయెను. పోయి నిత్యముకంటె ఎక్కువ గింజలను మూటగట్టి తెచ్చెను. అట్లు ఎక్కువ వచ్చుటకు కారణమును కథకులు వేర్వేరుగా చెప్పుదురు. బసవేశ్వరుడే పరీక్షార్థము ఎక్కువ గింజలు చల్లించెననువారును కలరు. కారణమేదైనను, లక్కమ్మ ఆ మూటను చూచి, ఇది మనకు కావలసినదానికంటె అధికమని పలికి, మిగులును తీసికొనిపోయి అచ్చటనే పోసిరమ్మని భర్తను మరల పంపెను.

ఈ కథను సాధారణముగా అపరిగ్రహమునకు, అనగా దాచుకొనరాదను నీతికి, ఉదాహరణముగా చెప్పుదురు. అది సరియే. కాని ఇందులో ఏమి చెప్పబడలేదో దానిని గూడ గమనింపవలెను. పని నిలిచిన పిదప మారయ్య తలవంచుకొని కూర్చుండి వగచెనని కథ చెప్పదు. ఎంత తప్పు చేసితివని లక్కమ్మ దెప్పిపొడిచినట్లును లేదు. ఉపవాసము, దండన, ప్రాయశ్చిత్తము ఏదియు లేదు. పని నిలిచినది, పొమ్మన్నది. అంతియే. మరల ఎక్కువ తెచ్చినపుడు, పోనిండు, ఉదయము పోయిన కాలమునకు ఇది సరిపోయినదని ఆమె ఊరకుండలేదు. నిలిచినదానికి బదులుగా మిక్కిలి చేయుట ఆమె లెక్కలో చెల్లలేదు.

వ్రాయలేకపోయితినని బాధపడువారు సరిగా దీనికి విరుద్ధముగా నడచుచుందురు. వారు పోరు, పోయినచో ఒక్కసారిగా అంతయు తెత్తుమని ఆలోచించుచుందురు. నెలకు రెండు పుటలు వ్రాయుదునన్నవాడు మూడు నెలలు వ్రాయనిచో, నాలుగవ నెలలో రెండు పుటలు వ్రాయుటకు సిగ్గుపడును. ఎనిమిది పుటలు వ్రాసిననే తలయెత్తుకొనగలనని అనుకొనును. ఎనిమిదికి తీరిక దొరకదు. సంవత్సరము గడచునప్పటికి ఇరువదినాలుగు బాకీపడినవి. ఇక అట్టివాడు ఆ నోటుబుక్కున్న అలమరనే తెరువడు. అప్పులవాడు షావుకారు వీధిని తప్పించి చుట్టుదారిన నడచునట్లు, మాట యిచ్చిన మఠమునకు పండుగనాడైనను పోవుట మానును. చూచువారికి ఇది నిర్లక్ష్యమువలె కనబడును. నిజమునకు అది నిర్లక్ష్యము కాదు. అపరాధభావము హెచ్చినకొలది పని తగ్గుట యిట్లు సంభవించుచున్నది.

జాబుల సంగతియు నిట్టిదే. ఉత్తరములే ఆధారమైన కాలమున, దూరపు ఊరిలో ఉద్యోగమునకు పోయిన కుమారుడు తల్లికి వ్రాయక జాగుచేయుటకు మొదటి కారణము ప్రేమలేకపోవుట కాదు. వ్రాసినచో విపులముగా, తృప్తిగా వ్రాయవలెనను కోరిక. ఆదివారము తీరికగా వ్రాయుదునని కార్డును పక్కనబెట్టును. ఆదివారము చుట్టములు వచ్చుదురు. రెండు నెలలు గడచిన పిదప ఇన్ని దినముల విశేషములను కార్డులో ఎట్లు వ్రాయుదునని ఇన్లాండు తెచ్చును. ఆ ఇన్లాండు నాలుగు నెలలు పెట్టెలో పడియుండును. అచ్చట తల్లి ఏమి కోరుచున్నది? విపులమైన లేఖనా? తపాలావాడు వీధి మలుపు తిరుగునపుడు అరుగుమీదికి వచ్చి నిలుచున్న ఆమెకు "క్షేమము, అన్నము సరిగా తినుచున్నాను, సంక్రాంతికి వచ్చెదను" అను మూడు ముక్కలు చాలును. చదువరాని తల్లి అయినచో ఆ మూడు ముక్కలను పొరుగువారిచేత నాలుగుసార్లు చదివించుకొనును. అది ఆమెకు ఆనాటి గింజలు. కుమారుడు మూట కట్టుకొని వత్తునని అనుకొనుచు ఆమెను పస్తులుంచినాడు.

ఈ ఉదాహరణమువలన మరియొక సంగతి బయటపడుచున్నది. ఎంత వ్రాసిన 'చాలును'? ఈ కొలత వ్రాయువానిలో లేదు. లక్కమ్మ గింజలను తూచినది మారయ్య సామర్థ్యమును బట్టి కాదు, భర్త గౌరవమును బట్టియు కాదు. ఆనాడు పంక్తిలో కూర్చుండువారి ఆకలిని బట్టి తూచినది. దాసోహమను భావమును వ్రాతకు అన్వయించినచో, తక్కువ వ్రాసితినని బాధపడువాడు మొట్టమొదట తన్ను తాను అడుగవలసినది, ఎన్ని పుటలు తక్కువైనవి అని కాదు. తాను వ్రాయనందువలన ఎవరు పస్తున్నారు అని.

ఈ ప్రశ్నను గట్టిగా అడిగినచో చాలమంది బాధలో సగము కరగిపోవును. ఏలననగా పస్తున్నవాడు కనబడడు. కనబడునది తోడివారి పుస్తకములే. "అతడు నాతోబాటు చదివినవాడు, ఇప్పటికి ఆరు పుస్తకములు అచ్చువేసినాడు. నాకు ఒక్కటియు లేదు." ఇది అపరాధభావమువలె వేషము వేసికొనివచ్చును గాని అపరాధభావము కాదు. కీర్తికాంక్ష అపరాధభావపు కావిబట్ట కట్టుకొని వచ్చినది. శరణులు ఈ వేషమును బాగుగా ఎరుగుదురు. సొన్నలిగెలో సిద్ధరామేశ్వరుడు చెరువులు త్రవ్వించుచు, గుడులు కట్టించుచు లోకోపకారమున నిమగ్నుడై యుండగా అల్లమప్రభువు వచ్చి ఆయనను కూలిపనివారి పెద్దను పిలిచినట్లు తేలికగా పిలిచెనని కథ. సిద్ధరాముడు త్రవ్వించినట్లు చెప్పబడు చెరువు షోలాపురమున నేటికిని కలదు. అది అక్కరలేని పనియని ఎవరును అనలేరు. అల్లముడు ఎత్తిచూపినది చెరువులోని లోపమును కాదు. చేసినదానిని లెక్కపెట్టుకొను మనస్సును. చేసినదానిని లెక్కించి మురియుటయు, చేయనిదానిని లెక్కించి కుములుటయు ఒకే పద్దు పుస్తకమునకు రెండు పుటలు. మొదటిది అహంకారమని అందరును గుర్తుపట్టుదురు. రెండవదానిని వినయమని పొరబడుచున్నారు.

ఈ రెండింటిని వేరుచేయుటకు ఒక పరీక్ష చెప్పవచ్చును. తాను వ్రాయదలచి వ్రాయని గ్రంథమును వేరొకరు రేపు వ్రాసి, చక్కగా అచ్చువేసి తెచ్చిరనుకొందము. మొదటి క్షణమున మనస్సునకు ఏమి తోచును? "అమ్మయ్య, పని జరిగినది" అని తోచినచో ఆ బాధ నిజమైన ఋణబాధ. అప్పు తీరినది, తీర్చినవారెవరైన నేమి? అట్లుగాక గుండెలో కలుక్కుమన్నచో, అది ఋణము కాదు. ఆ మనిషి తనకు రావలసినదానికై ఏడ్చుచున్నాడు గాని తాను ఈయవలసినదానికై కాదు. ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గువారు అరుదు. రెండును కలిసియే యుండును. అయినను ఏది ఎంత పాలున్నదో తెలియుట మేలు.

తెలుగు సాహిత్యమున ఇందుకు గొప్ప నిదర్శనము కలదు. 11వ శతాబ్దమున నన్నయభట్టారకుడు భారతమున ఆదిసభాపర్వములను రచించి, అరణ్యపర్వము నడుమ విరమించెను. తిక్కన విరాటపర్వమునుండి తుదివరకు పదునైదు పర్వములను రచించియు ఆ మిగిలిన భాగమును ముట్టలేదు. 14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ దానిని పూరించెను. పూరించి తన పేరు చాటుకొనలేదు. నన్నయ రచనయే కొనసాగుచున్నట్లు వ్రాసి, నన్నయకు ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితముగా సాగించెను. తనకు మూడు వందల యేండ్లకు ముందటి వాని బాకీని తీర్చి, చెల్లుచీటి కూడ అతని పేరనే వ్రాయించిన తీరిది. నన్నయ తక్కువ వ్రాసెనని నిందించిన తెలుగువాడు లేడు.

వచనకారుల విషయమున ఈ లెక్క మరింత తేటపడును. బసవేశ్వరుని వచనములు నేడు వేయికి పైబడి లభించుచున్నవి. వేశ్యావృత్తిని విడిచి శరణమార్గమునకు వచ్చిన సూళె సంకవ్వ వచనము ఒక్కటియే దొరకినది. అందలి ముద్ర నిర్లజ్జేశ్వర. ఆమె ఒక్కటియే చెప్పెనో, తక్కినవి నశించెనో మనకు తెలియదు. సంకలనకర్తలు ఆ యొక్కటిని వదలివేయలేదు. కల్యాణమున ఎవరును వచనములు చెప్పుటయే వృత్తిగా బ్రతికినవారు కారనుటను కూడ మరువరాదు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, మేదర కేతయ్య బుట్టలల్లువాడు, మడివాళ మాచయ్య బట్టలుదుకువాడు. బసవేశ్వరుడు సైతము బిజ్జలుని కొలువున ధనాగారపు లెక్కలు చూచిన భండారి. రేవున జనము నిలిచియుండగా చౌడయ్య పడవ తీయనిచో అది తప్పు. ఆనాడు వచనము పుట్టకపోయినచో తప్పేమున్నది?

కావున, పగలెల్ల బడిలో పిల్లలకు పాఠము చెప్పియో, అంగడి నడిపియో, పొలము దున్నియో యింటికి వచ్చి, రాత్రి కావ్యము వ్రాయలేకపోయితినని కుములువాడు తన కాయకము ఏదో మరచినాడనవలెను. అతని కాయకము జరిగినది. వ్రాత దానిపై పండిన పంట. కొన్ని యేండ్లు పండును, కొన్ని యేండ్లు పండదు.

ఇంతవరకు చెప్పినది విని వ్రాయనివారందరు హాయిగా నిదురపోవచ్చునని తలంపవలదు. నిజముగా పస్తున్నవారు కల సందర్భములును కలవు. ఒక సంగతి ఒక్కనికే తెలిసియుండి, అతడు వ్రాయనిచో అది లోకమునుండి లేకుండపోవు సందర్భము అట్టిది. అపుడు వ్రాత పంట కాదు, అది కాయకమే యగును. వ్రాయకుండుట నిజముగా అపరాధము.

మల్లికార్జున పండితారాధ్యుని శివతత్త్వసారమే మనకు నేడు అసంపూర్ణముగా దొరకుచున్నది. ఆయన కృతులని చెప్పబడు తక్కినవానిలో కొన్ని పేర్లుగా మాత్రమే మిగిలినవి. ఎవరో ఒకరు ఒక తాటియాకుల కట్టకు ప్రతి వ్రాసియుండినచో అవి యుండెడివి. దీనికి ఎదురుగా పాల్కురికి సోమనాథుని చూడుడు. నేటి జనగామ జిల్లా పాలకుర్తికి చెందినవాడని చెప్పబడు ఆ మహాకవి భక్తుల నోట నానుచున్న కథలను ద్విపదలో కట్టి బసవపురాణమును, పండితారాధ్యచరిత్రను రచించెను. ఆయన మిక్కిలి వ్రాసినవాడే. కాని వినువారి ఆకలియు అంత పెద్దది. సంస్కృతము రాని భక్తుడు పాడుకొనుటకు వీలుగా ద్విపదను ఎన్నుకొనుటలోనే పంక్తిలోనివారిని చూచి వడ్డించిన గుణము కానవచ్చుచున్నది. మరల ఆ గ్రంథములను తాటియాకులపై ఎక్కించి తరతరములు కాపాడిన వ్రాయసకాండ్రు లేకున్నచో 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు బసవపురాణమును గాని, 1939లో చిలుకూరి నారాయణరావుగారు పండితారాధ్యచరిత్రను గాని పరిష్కరించి అచ్చువేయుటకు ఏమి యుండెడిది? ఆ వ్రాయసకాండ్రలో పెక్కుమంది సొంతముగా ఒక్క పద్యమైనను రచించినవారు కారు. ప్రతి చివర తేది వ్రాసి, తప్పులున్న దిద్దుకొనుడని పెద్దలను వేడుకొనుట వారిలో వాడుక. వ్రాసినదానిలోని తప్పులకు మన్నింపు కోరిరి గాని, ఇంకను వ్రాయలేదని మన్నింపు కోరలేదు.

ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారి జీవితమును ఈ దృష్టితో చూడవలెను. 1880లో ధారవాడమున జన్మించిన ఆయన వృత్తిచేత న్యాయవాది; నాటి బిజాపురమున, అనగా 2014 నుండి విజయపురమని పిలువబడుచున్న నగరమున, వకీలుగా నుండిరి. తాటియాకుల వచనములు ఇండ్లలోను మఠములలోను అక్కడక్కడ పడియున్నవని తెలిసి వానిని సేకరింప మొదలిడిరి. 1923లో వచనశాస్త్రసారమును వెలువరించిరి. 1925లో హితచింతక ముద్రణాలయమును స్థాపించిరి. అందుకై సొంత యింటిని అమ్ముకొనిరి. 1926లో శివానుభవ అను పత్రికను ఆరంభించి మూడు దశాబ్దములకు పైగా నడిపిరి. 1964లో లింగైక్యులైరి. ఇంతటి పని ఒక్కసారి మూటగట్టి తెచ్చినది కాదు. ఒక్కొక్క కట్టను విప్పి, ఆకు తరువాత ఆకు ప్రతి వ్రాసికొని, పత్రిక సంచిక తరువాత సంచికగా జరిగినది. కోర్టు పని ఉన్న దినములును, డబ్బు లేని దినములును ఆయనకు ఉండెను. పస్తున్నవారెవరో ఆయనకు స్పష్టముగా తెలియుటచేత, నేడెంత యన్న ప్రశ్నకు ఆయన వద్ద ఎల్లప్పుడు సమాధానముండెననవచ్చును.

ఇక మిక్కిలి కఠినమైన సందర్భమొకటి మిగిలినది. ఋణము నిజమైనదే, కాని తీర్చుకొను అవకాశము గడచిపోయినది. దీనిని గూర్చి మన పెద్దలు తరచుగా మాటాడరు.

ఊరిలో ఎనుబదియేండ్ల వృద్ధుడొకడుండెననుకొందము. శివరాత్రి జాగరణకు ఏకతారపై ఆయన పాడు పాటలు వేరెవరికిని రావు. ఏ పుస్తకమునను లేవు. బడిపంతులొకడు వానిని వ్రాసికొందునని ఆయనకు మాట యిచ్చెను. వేసవి సెలవులకు వత్తునన్నాడు. వేసవిలో పెండ్లిండ్లు వచ్చినవి. దసరాకు అన్నాడు. దసరాకు ముందే వృద్ధుడు లింగైక్యుడయ్యెను. తల్లికి జాబు వ్రాయని కుమారునికి కూడ ఒకనాడు ఇట్టి వార్తయే అందును. నేడు చరవాణిలో దినమునకు రెండుసార్లు మాటాడుకొనుచున్నారు గనుక జాబుల బాధ తగ్గినది గాని, వృద్ధుల పాటల బాధ తగ్గలేదు. చేతిలోని ఆ యంత్రమే పాటను పట్టియుంచగలదు, అయినను వేసవికి అనియే అనుచున్నారు.

ఇట్టివారికి "పోనిండు, బాధపడకుడు" అని చెప్పుట దయవలె కనిపించును గాని సత్యము కాదు. ఒక పంక్తి నిజముగానే పస్తున్నది. ఆ బాధ కొంత మిగులును, మిగులుటయే న్యాయము. బాధపడుట చెల్లింపు కాదనుటను మాత్రము గట్టిగా చెప్పవలెను. పంతులు పదియేండ్లు కుమిలినను పోయిన పాటలో ఒక చరణమైనను తిరిగి రాదు. కుములుటలో ఒక సౌకర్యము కూడ కలదు: అది పనివలె అలసట కలిగించును గనుక, ఏదో చేయుచున్నట్లే యుండును.

అట్టి పంతులు చేయదగిన పనికి మన వ్రాతప్రతుల సంప్రదాయములోనే ఒక దారి కలదు. పాత తాటియాకులను పురుగు తినినచోట, విరిగినచోట, మాతృకలో అక్షరములు కానరానిచోట, తెలిసిన వ్రాయసకాడు తనకు తోచినది కల్పించి అతుకడు. అక్కడ చోటు విడిచి ముందుకు సాగును. అచ్చుపుస్తకములలో అట్టి చోట 'గ్రంథపాతము' అని గుర్తు వేయుదురు. సిగ్గుపడి గ్రంథము మొత్తమును మూలబెట్టినవాడు లేడు. లోపమును కప్పిపుచ్చినవాడు మంచి పరిష్కర్త కాడు. పంతులుకు నలుబది పాటలలో నాలుగే జ్ఞాపకమున్నవనుకొందము. ఆ నాలుగింటిని వ్రాయవలెను. మూడవదానిలో నడుమ చరణము తోచనిచో చోటు విడువవలెను. పాడినవాని పేరు, ఊరు, ఏ సంవత్సరమున ఎచ్చట విన్నదియు వ్రాయవలెను. తక్కినవి తాను సకాలమున వ్రాసికొననందున పోయినవని ఒక వాక్యము చేర్చుట అతని మనస్సునకు కష్టము. కాని ముందుముందు వెదకువానికి ఆ వాక్యము ఉపయోగపడును. నలుబది యుండెడివని అతనికి తెలియును.

అది ముగిసిన పిదప ఆ నాలుగు పుటలను తీసికొని వృద్ధుని యింటికి పోయి, అచ్చటివారికి చదివి వినిపించుట మంచిది. ఇంతకాలము ఆ వీధిని తప్పించి నడచిన కాళ్లు కొంచెము వెనుకాడును. ఆయన కోడలు ముప్పదియేండ్లు ఆ యింట వంట చేయుచు ఆ పాటలను విన్నది. నడుమ చరణము ఆమెకు వచ్చియుండవచ్చును. అడుగుటకు ఎవరును రాలేదు గనుక ఆమె ఇంతవరకు చెప్పియుండదు.